స్టేషన్ ఘన్‌పూర్ జలాశయం: నీటిమట్టం, ఋతు ఉష్ణోగ్రతలు - యాసంగి ప్రణాళిక

పూర్వపు ఉమ్మడి వరంగల్ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతం 2016 పునర్విభజన అనంతరం జనగామ జిల్లాలో చేరింది. దక్కన్ పీఠభూమిపై ఉన్న ఈ ప్రాంతంలో ఎర్ర చల్కా నేలలు అధికం. జీవనది లేదు. వార్షిక వర్షపాతంలో అధిక భాగం నైరుతి ఋతుపవనాల కాలంలోనే లభిస్తుంది. ఇక్కడి జలాశయం జె. చొక్కారావు దేవాదుల ఎత్తిపోతల పథకంలో ఒక అంగం. గంగారం వద్ద ఎత్తిపోసిన గోదావరి జలాలు ధర్మసాగరం మీదుగా ఇక్కడికి చేరుతాయి. అందువలన ఈ జలాశయ నీటిమట్టాన్ని స్థానిక వర్షం ఒక్కటే నిర్ణయించదు. గోదావరి ప్రవాహం, పంపుల పనితీరు, ఎగువ జలాశయాల నిల్వ కూడా నిర్ణయిస్తాయి. నదిమట్టాన్ని నిలిపి ఉంచేందుకే తుపాకులగూడెం వద్ద సమ్మక్క సాగర్ బ్యారేజీని నిర్మించారు.

సంవత్సర గమనాన్ని పరిశీలించినట్లయితే, నిల్వ సాధారణంగా వర్షాకాలాంతానికి గరిష్ఠానికి చేరుతుంది. ఫిబ్రవరి నుండి పైరు నీటి అవసరం, ఎండ తీవ్రత, బాష్పీభవనం ఏకకాలంలో పెరుగుతాయి. నీటిమట్టం మాత్రం తగ్గుతుంది. యాసంగి సాగులోని ప్రధాన సమస్య ఇదే.

బాష్పీభవన నష్టాన్ని సులభంగా లెక్కించవచ్చు. ఒక హెక్టారు నీటి ఉపరితలం నుండి ఒక మిల్లీమీటరు నీరు ఆవిరైతే 10 ఘనపు మీటర్ల నష్టం జరుగుతుంది. వేసవిలో పాన్ ఎవాపోరిమీటర్ రోజుకు 10 మిల్లీమీటర్లు చూపినదనుకొని, 0.7 గుణకాన్ని వర్తింపజేస్తే జలాశయ నష్టం 7 మిల్లీమీటర్లు. ఈ లెక్కన 100 హెక్టార్ల ఉపరితలం నుండి 30 రోజులలో 2.1 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరవుతుంది. హెక్టారుకు 1,200 నుండి 1,500 మిల్లీమీటర్ల నీరు కోరే వరికైతే ఇది 14 నుండి 17 హెక్టార్లకు సరిపోతుంది. సుమారు 500 మిల్లీమీటర్లతో పండే ఆరుతడి పంటకైతే 42 హెక్టార్లకు సరిపోతుంది.

ఈ 21 సెంటీమీటర్ల నష్టం సగటు లోతు 7 మీటర్లున్నప్పుడు నిల్వలో 3 శాతం మాత్రమే. లోతు 2 మీటర్లకు తగ్గినప్పుడు అదే నష్టం 10 శాతం దాటుతుంది. పూడిక చేరి లోతు తగ్గిన చెరువులకు ఈ సూత్రం మరింతగా వర్తిస్తుంది. అమెరికాలోని ఎడారి జలాశయం లేక్ మీడ్ నుండి ఏటా సుమారు 6 అడుగుల నీరు ఆవిరవుతుంది. అక్కడ కూడా నీరు దూరపు పర్వతాల మంచు కరిగి నది ద్వారా రావలసిందే. 2022 జూలైలో దాని మట్టం 1937 తరువాత కనిష్ఠానికి పడిపోయింది. దూరపు నీటిపై ఆధారపడిన జలాశయానికి స్థానిక వేడిమి నిరంతర వ్యయమని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఉష్ణోగ్రత ప్రభావం నిల్వకే పరిమితం కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి వరి నారు పసుపు రంగుకు మారి, ఎదుగుదల తగ్గుతుంది. జింకు లోపం కూడా కనిపిస్తుంది. ఉదయం మడిలోని చల్లని నీటిని తీసి కొత్త నీరు పెట్టడం, రాత్రివేళ నారుమడిపై పాలిథిన్ పట్టా కప్పి ఉదయం తొలగించడం ఇందుకు తగిన యాజమాన్య పద్ధతులు. చలికి వెరచి, లేక నీటి విడుదలపై స్పష్టత లేక, డిసెంబరు చివర నారు పోసినట్లయితే పైరు మార్చి చివరలోనో ఏప్రిల్‌లోనో పూతకు వస్తుంది. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే పుప్పొడి జీవశక్తి తగ్గి తాలు గింజలు పెరుగుతాయి. అదే సమయంలో జలాశయం అడుగంటితే చివరి తడులు కూడా అందవు. అంతవరకు పెట్టిన పెట్టుబడి మొత్తం రైతు నష్టపోయే దశ ఇది.

కావున నీటిమట్టాన్ని, ఉష్ణోగ్రతను వేర్వేరుగా గాక కలిపి చదవడం విస్తరణ శాస్త్రవేత్తలకు అవసరం. కొలబద్దపై మట్టం, విస్తీర్ణ-నిల్వ పట్టిక, పాన్ ఎవాపోరిమీటర్ రీడింగు, కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు వారానికొకసారి ఒకే పుటలో నమోదు కావాలి. విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఈ నమోదును చేపట్టవచ్చు. నవంబరు మొదటి పక్షంలో ఉన్న నిల్వ నుండి తాగునీరు, కనీస నిల్వ, వేసవి ఆవిరి నష్టం, కాలువ నష్టాలను మినహాయించిన తరువాత మిగిలినదే సాగునీరు. దానిని ఎకరాలలోకి మార్చి, వరికి ఎంత, మొక్కజొన్న, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు ఎంత అన్నది నారు పోయకముందే ఆయకట్టు రైతులకు తెలియజేయాలి. వరి వేసే చోట స్వల్పకాలిక రకాలను ఎన్నుకోవాలి. పొలాన్ని తడుపుతూ, ఆరబెడుతూ నీరిచ్చే పద్ధతిని పాటిస్తూ, పూత దశలో మాత్రం నీటి ఎద్దడి రాకుండా చూడాలి.