ఆకుకూరలలో బాక్టీరియాతో పురుగుల నివారణ

ఆకుకూరలపై చల్లిన రసాయనాల అవశేషాలు నేరుగా వినియోగదారునికి చేరుతాయి. అందువల్ల క్యాబేజీని ఆశించే డైమండ్ రెక్కల పురుగు నివారణకు బాసిల్లస్ తురింజియెన్సిస్ (బి.టి.) అనే బాక్టీరియా అనువైనది. ఆకుతోపాటు లోనికి చేరిన దీని స్ఫటిక మాంసకృత్తి, లార్వా పేగులోని క్షారద్రవంలో కరిగి పేగు గోడను ఛిద్రం చేస్తుంది. లార్వా కొద్ది గంటలలోనే మేత మానినా, చనిపోవడానికి 2-3 రోజులు పడుతుంది. ఈలోగా మందు పనిచేయలేదని భావించి రసాయనాలు వాడరాదు. ఫలితాన్ని ఆగిన మేతను బట్టి అంచనా వేయాలని రైతులకు వివరించాలి.

లీటరు నీటికి 1 గ్రాము పొడి మందు కలిపి, లార్వాలు చిన్నవిగా ఉన్నప్పుడే, ఆకుల అడుగుభాగం తడిసేలా సాయంత్రం పిచికారీ చేయాలి. మల్బరీ తోటల సమీపంలో వాడితే పట్టుపురుగులు చనిపోతాయి. హవాయి పొలాలలో పదేపదే వాడినందున ఈ పురుగు బి.టి.ని తట్టుకొన్నట్లు 1990లో వెల్లడైంది. కావున ఆవాలు ఎరపంటగా వేసి, ఇతర పద్ధతులతో కలిపి వాడాలి.