ట్రాక్‌పైకి టర్బో కారు

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. రోజూ ఆఫీసుకు వెళ్లే టర్బో కారు అక్కడ నాలుగైదు చుట్లు జోరుగా తిరిగిందంటే దాని అసలు శత్రువు బయటపడుతుంది. అది వేడి.

ఇంజిన్ వదిలే పొగే టర్బోను తిప్పుతుంది, అదీ నిమిషానికి లక్షకు పైగా చుట్లు. పెట్రోలు ఇంజిన్‌లో ఆ పొగ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. టర్బో ఇంజిన్‌లోకి నొక్కి పంపే గాలి కూడా ఆ నొక్కుడుకు వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ చిన్నదైతే, ఇంజిన్‌ను కాపాడటానికి దాని కంప్యూటర్ శక్తిని తగ్గించేస్తుంది.

అందుకే శక్తి పెంచే ముందు కారును చల్లగా ఉంచే పని చూడాలి. తాజా సింథటిక్ ఆయిల్, శుభ్రమైన రేడియేటర్, అవసరమైతే పెద్ద ఇంటర్‌కూలర్.

అంతకంటే ముందు బ్రేకులు. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. గాలిలోని తేమను పీల్చుకుంటే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే బుడగలొచ్చి పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఆయిల్ మార్చి, వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించడం తప్పనిసరి.

టైర్లు వేడెక్కితే గాలి పీడనం పెరుగుతుంది కనుక ప్రతి విడత తర్వాతా కొలవాలి.

చివరి చుట్టు నెమ్మదిగా తిరగాలి. జోరుగా తిరిగిన వెంటనే ఇంజిన్ ఆపేస్తే టర్బో బేరింగుల్లో నిలిచిన ఆయిల్ మాడి గడ్డకడుతుంది. బ్రేకులు ఇంకా వేడిగా ఉంటాయి కనుక పార్కింగ్‌లో హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టాలి.