కరిగితే పట్టు, తడిస్తే మట్టి
ఎండల దేశంలో చాక్లెట్ వ్యాపారానికి దిగిన గృహిణులకు అసలు పరీక్ష పొయ్యి దగ్గరే. ఒక చుక్క నీరు, నాలుగు డిగ్రీల తేడా చాలు కిలో సరుకు చెడిపోవడానికి

ఏప్రిల్ సగం గడిచిందంటే విజయవాడలో మధ్యాహ్నం వేళ వంటగది 36 డిగ్రీలకు తగ్గడం కష్టం. అసలైన చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే పూర్తిగా కరిగిపోతుంది. అంటే ఆ వంటగదిలో చాక్లెట్‌ను కరిగించడానికి పొయ్యి కూడా వెలిగించనక్కర్లేదు. చిక్కంతా దాన్ని మళ్లీ గడ్డకట్టించడంలో ఉంది. పైన నిగనిగలాడాలి, విరిస్తే టక్కుమనాలి, వేళ్లకు అంటకూడదు. పుట్టినరోజులకు, పెళ్లిళ్లకు, దీపావళి కానుకలకు ఇంట్లోనే చాక్లెట్లు చేసి అమ్మే మహిళలు పట్టణాల్లో పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ 34 డిగ్రీల లెక్క నేరుగా వాళ్ల రాబడిని తేలుస్తుంది.

పాడైన సరుకు ఖరీదు కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. ప్రపంచానికి సగానికి పైగా కోకో అందించే ఐవరీ కోస్ట్, ఘనాలలో పంట దెబ్బతినడంతో 2022 చివర్లో టన్ను 2,500 డాలర్ల దరిదాపుల్లో ఉన్న గింజల ధర 2024 డిసెంబర్‌లో 12,000 డాలర్లు దాటింది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన కోకో పండించే రైతులు కొన్నాళ్లు ఆ వెలుగు చూశారు. 2025లో ధర దిగివచ్చి వాళ్ల సంబరం చప్పబడింది. కానీ గింజ ధర దిగినంత వేగంగా దుకాణంలో చాక్లెట్ ధర దిగలేదు. కోకో బటర్‌తో తయారైన మంచి చాక్లెట్ దిమ్మ (వ్యాపార పరిభాషలో కోవెర్చర్) కిలో కొనాలంటే చిన్న వ్యాపారి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాల్సిందే.

అంత ఖరీదైన దిమ్మను ముద్ద చేసేది ఎక్కువగా నీరే. ఇది విన్నవాళ్లు మొదట నమ్మరు. చాక్లెట్‌లో పాలపొడి ఉంటుంది, కేకు మీద పోసే చాక్లెట్ సాస్‌లో నీళ్లే ఉంటాయి, మరి చెంచాడు నీళ్లతో వచ్చే నష్టమేంటి? గట్టి చాక్లెట్‌లో నీటి తడి ఒక శాతం కూడా ఉండదు. కోకో బటర్ అనే కొవ్వులో మెత్తటి కోకో పొడి, అంతకన్నా మెత్తగా నూరిన పంచదార తేలుతుంటాయి. 1879లో స్విట్జర్లాండ్‌లో రొడాల్ఫ్ లింట్ గంటల తరబడి రుబ్బే యంత్రం కనిపెట్టాకే ఆ నున్నదనం సాధ్యమైంది. ఈ పొడి లోకంలోకి చుక్క నీరు పడితే పంచదార రేణువులు దాన్ని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. తడి చెంచా పెట్టిన పంచదార డబ్బా గడ్డలు కట్టడం చూడని ఇల్లు ఉండదు. అదే పని ఇక్కడ నిమిషంలో జరుగుతుంది. పట్టులా జారుతున్న చాక్లెట్ కాస్తా గరిటెకు చుట్టుకుని బంకమట్టిలా బిగుసుకుంటుంది. బేకర్లు దీన్ని ‘సీజ్’ అయిందంటారు.

నీరు ఎక్కణ్నుంచి వస్తుందో కనిపెట్టడమే సగం పని. కింద గిన్నెలో నీళ్లు మరిగించి, పైన మరో గిన్నెలో చాక్లెట్ పెట్టి కరిగించే పద్ధతిలో కింది నీళ్లు తెర్లితే ఆవిరి అంచుల మీదుగా పైకెక్కుతుంది. అందుకే నీళ్లు సన్నగా పొగలు కక్కితే చాలు, పై గిన్నె అడుగు వాటికి తగలకూడదు. గిన్నె మీద మూత పెడితే దాని లోపల పట్టిన చెమట మొత్తం చాక్లెట్‌లోకే రాలుతుంది. గిన్నెను దించిన వెంటనే అడుగు తుడవకపోతే వంచేటప్పుడు ఆ చుక్కలు అచ్చుల్లోకి జారతాయి. ఇక కడిగి ఆరబెట్టిన చెక్క గరిటె. పైకి పొడిగా కనిపించినా లోపల తడి దాచుకుంటుంది. నీళ్లలో కలిసే రకం రంగులు, ఎసెన్సులు సరే సరి. చాక్లెట్‌కు నూనెలో కలిసే రంగులే వాడాలి.

చాలామంది చేసే మరో పని, చాక్లెట్ చిక్కగా ఉందని పలచన చేయడానికి రెండు చెంచాల పాలు పోయడం. చేతిలో ఉన్నదాన్ని చేజేతులా ముద్ద చేసుకోవడమే అది. వెన్న వేసినా ప్రమాదమే, అందులో 16 శాతం దాకా నీరుంటుంది. పలచన కావాలంటే కొవ్వే వేయాలి. కోకో బటర్ అయితే శ్రేష్ఠం, లేదంటే వాసన లేని నూనె కొద్దిగా. కొబ్బరినూనె బాగానే కలుస్తుంది గానీ అది 24 డిగ్రీలకే కరిగేది కాబట్టి చేసిన చాక్లెట్ కూడా మెత్తబడుతుంది. బిస్కెట్లలో వేసే చాక్లెట్ చిప్స్‌ను కరిగించి, పలచబడలేదని వాపోయేవాళ్లూ ఉన్నారు. ఓవెన్‌లో కూడా ఆకారం చెదరకుండా ఉండేందుకు వాటిలో కోకో బటర్ తక్కువ వేస్తారు. పూత పూయడానికి అవి పనికిరావు.

ముద్దయిన చాక్లెట్‌ను పారేయనక్కర్లేదు. విచిత్రంగా దానికి విరుగుడు కూడా నీరే. గిన్నెడు పిండిలో కాసిని నీళ్లు పోస్తే ముద్ద, ఇంకా పోస్తే జావ అయినట్టే, ఇక్కడా తడి పెరిగితే పంచదార కరిగి ముద్ద విడిపోతుంది. 100 గ్రాముల చాక్లెట్‌కు సుమారు 30 మిల్లీలీటర్ల వేడి నీళ్లో, వేడి క్రీమో చెంచా చెంచాగా పోస్తూ కలిపితే మళ్లీ నున్నగా వస్తుంది. అయితే అది అచ్చుల్లో గడ్డకట్టదు. ఐస్‌క్రీమ్ మీద సాస్‌గానో, కేకు మధ్య గనాష్‌గానో సద్వినియోగం చేసుకోవాలి. ఆ గనాష్ విరిగి నూనె తేలితే కంగారుపడి ఫ్రిజ్‌లో పెట్టడం కన్నా, గోరువెచ్చని పాలు ఒక చెంచా వేసి చిలికితే ఎక్కువసార్లు కలుస్తుంది. అన్నట్టు, విదేశీ వంటల పుస్తకాల్లో చెప్పే క్రీమ్‌లో కొవ్వు 35 శాతం. ఇక్కడ అట్టపెట్టెల్లో దొరికేదాంట్లో సాధారణంగా 25 శాతమే. అందుకే ఆ పుస్తకాల కొలతలు యథాతథంగా పాటిస్తే మన గనాష్ జారిపోతుంది. చాక్లెట్ పాలు పెంచుకోవాలి.

మాడిన చాక్లెట్‌కు మాత్రం ఇలాంటి ఊరట లేదు. డార్క్ చాక్లెట్ 50 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. పాలపొడి కలిసిన మిల్క్, వైట్ చాక్లెట్లు 45 దాటితే గరుకు తేలడం మొదలవుతుంది. మైక్రోవేవ్‌లో మోసం ఇంకోలా ఉంటుంది. లోపల కరిగిపోయినా ముక్క ఆకారం చెదరదు. ఇంకా కరగలేదనుకుని మరో నిమిషం పెడితే నడిమధ్య మాడి కంపు కొడుతుంది. సగం పవర్‌లో 20, 30 సెకన్ల చొప్పున పెడుతూ, ప్రతిసారీ తీసి కలపడమే మార్గం. కాస్త చిక్కబడిన దశలోనే పసిగడితే వెంటనే చల్లటి, పొడి గిన్నెలోకి మార్చి, కరగని ముక్కలు కొన్ని కలిపి, వడకట్టి కాపాడవచ్చు. వాసన వచ్చిందంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే.

ఇంత జాగ్రత్తగా కరిగించినా తెల్లారేసరికి చాక్లెట్ వెలవెలబోయి, బూడిద చారలు కట్టి, ముట్టుకుంటే మెత్తగా ఉందన్న ఫిర్యాదు చాలామందిది. నెయ్యి కాచే ఇంట్లో పెరిగినవారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. అదే నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూసకడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే రాయిలా పేరుకుంటుంది. చల్లారే తీరును బట్టి కొవ్వు స్ఫటికాల అమరిక మారుతుంది. కోకో బటర్‌లో అలాంటి అమరికలు ఆరు ఉన్నాయని 1966లో విలీ, లటన్ అనే శాస్త్రవేత్తలు వర్గీకరించారు. వాటిలో చాక్లెట్‌కు కావలసింది ఐదోది ఒక్కటే. మెరుపు, టక్కుమనే విరుపు, నాలుక మీద కరిగే గుణం దాని చలవే. దాన్ని రప్పించే ప్రక్రియే టెంపరింగ్.

ఇంట్లో సులువైన పద్ధతి పెరుగుకు తోడు వేయడం లాంటిది. నాలుగింట మూడొంతుల డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడిచేసి దించేయాలి. మిగతా పావు వంతు ముక్కలను కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతూ పోవాలి. మంచి స్ఫటికాలు ఆ ముక్కల్లో ముందే ఉన్నాయి కాబట్టి మిగతాదాన్ని తమ దారిలోకి తెచ్చుకుంటాయి. 31, 32 డిగ్రీలకు దిగాక కరగని ముక్కలను ఏరేసి అచ్చుల్లో పోయాలి. మిల్క్ చాక్లెట్‌కు 29, 30 డిగ్రీలు, వైట్‌కు మరో డిగ్రీ తక్కువ. కత్తి మొనను ముంచి పక్కన పెడితే ఐదు నిమిషాల్లో మెరుస్తూ ఆరాలి. ఆరకపోతే ఇంకాస్త కలపాలి. 34 దాటి వేడెక్కితే స్ఫటికాలన్నీ కరిగి పని మొదటికొస్తుంది. చేతి అంచనాతో తీగపాకం పట్టగల వాళ్లు కూడా ఇక్కడ డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోవడమే మేలు.

అసలు సమస్య 36 డిగ్రీల గదిలో ఏదీ 31కి దిగకపోవడం. వేసవిలో ఈ పని ఏసీ గదిలో, 20 నుంచి 22 డిగ్రీల మధ్య చేయాలి. కరెంటు బిల్లు కూడా కలిపి ధర చెప్పకపోతే నష్టమే మిగులుతుంది.

ఈ తంటాలన్నీ తప్పించుకోవడానికే చాలామంది కాంపౌండ్‌ను ఆశ్రయిస్తారు. ఇందులో కోకో బటర్‌కు బదులు ఎక్కువగా పామ్ గింజల కొవ్వు ఉంటుంది. టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి పోస్తే గడ్డకడుతుంది, ధర కూడా బాగా తక్కువ. తప్పేమీ లేదు, లేబుల్ మీదా ఆ ముక్క ఉంటుంది. కానీ అది నోట్లో అంత తేలిగ్గా కరగదు, అంగిలికి మైనం పూసినట్టుంటుంది. కొనేవారికి చాక్లెట్ అని చెప్పి కాంపౌండ్ ఇవ్వడం మాత్రం వ్యాపారం అనిపించుకోదు. ఖర్చు తగ్గుతుందని రెండింటినీ సగం సగం కలిపేవాళ్ల తెలివి ఎప్పుడూ బెడిసికొడుతుంది. ఆ రెండు కొవ్వులకు పొసగదు. చాక్లెట్ మెత్తబడి, కొద్ది రోజుల్లోనే తెల్లబడుతుంది.

ఎండకు కరగని చాక్లెట్ కోసం ప్రయత్నం జరగకపోలేదు. 1937లో అమెరికా సైన్యం హెర్షీ కంపెనీని అలాంటి బిళ్లలే అడిగింది. సైనికులు సరదాకు తినేయకుండా, ఉడికించిన బంగాళాదుంప కన్నా కాస్త మాత్రమే బాగుండాలన్నది షరతు. కంపెనీ దాన్ని నూటికి నూరుపాళ్లూ నెరవేర్చింది. సైనికులకు ఆ బిళ్లంటే వెగటు పుట్టింది.

తెల్లబడిన చాక్లెట్‌ను బూజు పట్టిందని పారేసేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అది ఎక్కువగా పైకి తేలిన కొవ్వే. వేలితో రుద్దితే కరిగి జిడ్డుగా మెరుస్తుంది. తినవచ్చు, కరిగించి మళ్లీ టెంపర్ చేసుకోవచ్చు. రుద్దినా పోకుండా గరుకుగా తగిలితే అది పంచదార. ఫ్రిజ్‌లోంచి తీసిన చాక్లెట్ మీద గాలిలోని తేమ చెమటగా పట్టి, పంచదారను కరిగించి, ఆరాక పైన పొడిలా మిగులుస్తుంది. ఇలాంటిదాన్ని అచ్చుల్లో కాకుండా కేకు పిండిలోనో, వేడి పాలలోనో వాడుకోవాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర పట్టణాల్లో ఈ బెడద ఎక్కువ.

అందుకే వేసవి ఆర్డర్లలో చాక్లెట్ కన్నా డబ్బా ముఖ్యం. అచ్చులను ఫ్రిజ్‌లో పది, పదిహేను నిమిషాలకు మించి ఉంచకూడదు. తీశాక గాలి చొరని డబ్బాలో పెట్టి మూత బిగించి, దాన్ని థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్‌కు తగలకుండా సర్దాలి. డబ్బా అందుకున్నవారికి ఫోన్ చేసి, బయట వేడికి అలవాటు పడేదాకా అరగంట సేపు మూత తీయవద్దని చెప్పాలి. పిల్లలున్న ఇళ్లలో ఆ మాట ఎంతమంది వింటారన్నది వేరే సంగతి.