ఒక నెట్ కంపెనీ కథ

ఇప్పుడు పిలకాయల చేతిలో ఫోనుంటే చాలు, నెట్ వచ్చేస్తుంది. ముప్పై ఏళ్ల కింద అట్లా కాదు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం నెట్ మొదలుపెట్టింది. మూడేళ్లదాకా వాళ్లు తప్ప వేరే అంగడి లేదు. 1998 నవంబరులో సర్కారు ప్రైవేటు వాళ్లకు తలుపు తీసింది.

అప్పుడు ముందుగా దిగినవాళ్లలో సత్యం ఇన్ఫోవే ఒకటి. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ పెట్టిన కంపెనీ ఇది. పెద్దాఫీసు మాత్రం మన మద్రాసులోనే. ఇన్ని గంటలని లెక్కగట్టి నెట్ అమ్మేవాళ్లు. మోడెం అనే పెట్టె టెలిఫోను తీగ మీద నంబరు కొడుతుంది. కలిసిందాకా కీచుమని ఒకటే మోత. నెట్ నడుస్తున్నంతసేపూ ఫోను పలకదు. నెట్ డబ్బు వేరే, ఫోను మీటరు వేరే.

1999 అక్టోబరులో ఈ కంపెనీ షేర్లు అమెరికా నాస్‌డాక్ బజారుకెక్కాయి. మన దేశపు నెట్ కంపెనీ అక్కడికెక్కడం అదే మొదలు. మరుసటి నెలే వార్తలు, క్రికెట్టు, వంటల సైట్లున్న ఇండియావరల్డ్‌ను 499 కోట్లకు బేరం చేశారు. అంత సొమ్మా అని లోకమంతా నోరు తెరిచింది. 2000లో షేర్ల బజారు కూలింది, నెట్ కంపెనీల విలువ మంచులా కరిగింది.

అయినా అంగడి మూయలేదు. ఐ-వే అని ఊరూరా సెంటర్లు లేచాయి. ఇంట్లో కంప్యూటరు కొనలేని మన పిలకాయలకు అవే బడులయ్యాయి. పరీక్షల రిజల్టు, ఉద్యోగం దరఖాస్తు అన్నీ అక్కడే. 2002లో నెట్ మీద ఫోనుకు అనుమతి వచ్చాక, విదేశంలో ఉన్న కొడుకుతో తక్కువ డబ్బుకు మాట్లాడుకున్న తల్లులు ఎందరో.

2003లో కంపెనీ పేరు సిఫీ అయింది. 2005లో సత్యం వాళ్లు తమ వాటాను అమెరికాలో ఉండే మన తెలుగాయన రాజు వేగేశ్నకు అమ్ముకున్నారు. ఆ ఏడే బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు ఇంటికొచ్చింది. తరవాత సెల్లులోకే నెట్ దిగింది. గంటకింత అని డబ్బిచ్చి కూర్చునేవాడు ఎవడు? సెంటర్లు ఒక్కొక్కటే షట్టరు దించాయి.

కంపెనీ మాత్రం ఇప్పటికీ ఉంది. పెద్ద కంపెనీలకు లైన్లు వేయడం, వాళ్ల లెక్కలు దాచే డేటా సెంటర్లు నడపడం దాని పనిప్పుడు. యజమాని పని మార్చుకుని నిలబడ్డాడు. సెంటర్లో టోకెన్లిచ్చే పిల్లోడి సంగతి? గల్లాపెట్టె దగ్గరే కూర్చున్నవాడికి పని పోయింది. ఆ తీరిక గంటల్లో తీగలు కలపడం, మిషను విప్పి బాగుచేయడం నేర్చినవాడు ఇంకో చోట కూడు సంపాదించుకోగలడు.

మిల్లుల్లోనూ ఇదే చూశాం. మగ్గం పోయినా ఫిట్టరు పని తెలిసినవాడికి ఎవరో ఒకరు పిలిచి పనిచ్చారు. అందుకే పిలకాయలు కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం ఒక్కటే అడక్కండి. రేపు ఈ అంగడి మూస్తే నీ చేతిలో ఏ పని మిగులుతుందిరా అని కూడా అడగండి.