పసిబిడ్డ మంచాన పడినప్పుడు

పసిబిడ్డకు పడిశం పట్టితేనే ఇల్లంతా తల్లక్రిందులవుతుంది. ఇక ఆ జబ్బు వారాలతో కాక ఏండ్లతో కొలవవలసినదైతే ఆ ఇంటి సంగతి చెప్పనే అక్కరలేదు. అటువంటి రెండున్నర ఏండ్లు మా ఇంటిలో గడిచినవి. మా సొద వినిపించడానికి కాదు, ఇటువంటి కష్టం వచ్చిన మరొక తెలుగు కుటుంబానికి కొంచెమైనా పనికివస్తుందేమోనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2019 ఆగస్టులో మా చిన్నపాపకు ఐదో ఏడు నడుస్తున్నది. పెరంబూరులోని మా ఇంటి మేడమెట్లు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగే పిల్ల, ఉన్నట్టుండి కాళ్ళు నొప్పులని నాలుగో మెట్టు మీదనే కూర్చుండిపోయేది. మొగం పాలిపోయింది. ఎదిగే పిల్లల నొప్పులని ఒకరు, రక్తహీనత అని ఒకరు టానిక్కులు వ్రాసి ఇచ్చినారు. మూడు వారాలు అట్లా పోయినవి. ఒంటి మీద నీలిమచ్చలు చూచి మరొక వైద్యుడు రక్తపరీక్ష చేయించినాడు. జబ్బు పేరు లుకేమియా, అనగా రక్తానికి వచ్చే క్యాన్సరు. ఎముకల మూలుగలో పక్వం కాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి, మంచి కణాలకు చోటు లేకుండా చేస్తవి. పాలిపోవడం, జ్వరాలు, మచ్చలు అన్నీ అందువల్ల కలిగేవే.

చూడవచ్చిన బంధువుల మొదటి ప్రశ్న, “ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందమ్మా?” అని. ఆ మాట తల్లి గుండెలో ముల్లులా దిగబడింది. ఎక్కువమంది పిల్లలలో ఈ జబ్బు వంశం వల్ల వచ్చేది కాదు. అంటుకునేది అసలే కాదు. పిల్లల బామ్మగారు ఈ సంగతి వైద్యుని నోటనే విని వచ్చి, అడిగినవారందరికీ తామే జవాబు చెప్పినారు. కోడలి తరఫున అత్తగారు పలికిన ఆ ఒక్క మాటతో మా ఇంటి బరువు సగం దిగింది.

పాపకు ఇచ్చే మందులలో ఒకటి పసుపుపచ్చనిది. దాని పేరు మెథోట్రెక్సేటు. ఆ మందు పుట్టుక వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడని తెలిసిన నాడు మాకు ఎంతో ధైర్యం కలిగింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ చెన్నపట్నంలోనే వైద్యం చదివినారు. సోదరులను జబ్బుకు పోగొట్టుకున్నవారు. 1923లో అమెరికా చేరి, మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే పోయినాడు. తండ్రి ఆ బిడ్డ మొగమైనా చూడలేదు. లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బరు 16 మంది పిల్లలకు వాడి చూచినాడు. 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే అయినా, అంతకు ముందు అంతమాత్రమూ లేదు. 1948 జూనులో ఆ సంగతి అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసినారు. మెథోట్రెక్సేటు ఆ మందుకు తోబుట్టువే. నేడు సంపన్న దేశాలలో ఈ జబ్బు వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా బ్రతికి బట్టకడుతున్నారు.

అయితే మందు ఎంత గొప్పదైనా ఇంటిలో దానిని ఇచ్చే చేతులకు జాగ్రత్త ఉండాలి. ఇంటివద్ద ఇచ్చే మాత్రలలో ఒకటి రోజూ రాత్రి వేయవలసినది. పసుపు మాత్ర వారానికి ఒక్కసారి మాత్రమే. అది పొరపాటున రోజూ పడితే ప్రాణానికే ముప్పు. ఒక గురువారం సాయంకాలం తల్లి వేసిన సంగతి తెలియక తండ్రి రెండోసారి వేయబోయినాడు. మాత్ర పాప పెదవుల దాకా వెళ్ళింది. “ఇందాకే మింగాను గదా నాన్నా” అని పాప అనబట్టి సరిపోయింది. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మరునాడే గోడకు ఒక పట్టిక తగిలించినాము. మాత్ర వేసినవారు వెంటనే అక్కడ గీత గీయాలి. గీత లేనిదే మాత్ర వేసినట్టు కాదు, గీత ఉంటే సీసా ముట్టరాదు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయలుదేరవలసినదే. తెల్లకణాలు తగ్గిన ఒంటికి చిన్న జ్వరం కూడా చిన్నది కాదు.

జుట్టు రాలిపోయిన నాడు బామ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంటే, పాప అద్దంలో చూచుకుని, “బామ్మా, తిరుపతి వెళ్ళకుండానే గుండయింది. స్వామికి ఏం చెబుతావు?” అన్నది. ఏడ్చే ఇంటిలో ఆ పూట నవ్వు వినిపించింది.

మేము చేసిన పెద్ద పొరపాటు మరొకటి ఉన్నది. పాపకు తొమ్మిదేండ్ల అన్న ఉన్నాడు. బుద్ధిమంతుడు, ఏమీ అడగడు. అడగడు గనుక బాగున్నాడని అనుకున్నాము. ఒక రాత్రి అన్నం కలిపి పెడుతుండగా, “నాకూ జ్వరమొస్తే నా పక్కనే కూర్చుంటారా అమ్మా?” అన్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాటి నుండి ఆదివారం సాయంకాలం మాలో ఒకరం వాడికే కేటాయించినాము. ఆ సమయంలో జబ్బు మాట ఎత్తరాదు. పాప పట్టికలో గీతలు గీసే పని కూడా వాడికే అప్పగించినాము. అంతవరకు వరండాలో నిలబడినవాడు ఇంటిలోకి వచ్చినట్టయింది.

2020 మార్చిలో కరోనా వచ్చి ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు, పాప కిటికీలోనుండి చూచి, “ఇప్పుడు అందరికీ నాలాగే మాస్కు” అని సంబరపడింది. బడి మూతపడడంతో తానొక్కతే ఇంటిలో ఉన్నదన్న దిగులు కూడా పోయింది.

పిల్లల క్యాన్సరుకు చెన్నపట్నంలో వైద్యం నిన్న మొన్నటిది కాదు. 1912లో వైద్యపట్టం పొందిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు, తమ చెల్లెలిని క్యాన్సరు పొట్టనబెట్టుకున్నందున, 1954లో అడయారులో 12 మంచాలతో క్యాన్సరు సంస్థను తెరిపించినారు. మరుసటి ఏడు అందులో చేరిన డాక్టరు శాంతగారు 2021లో మరణించే వరకు అక్కడే సేవచేసినారు. సొంతవారిని పోగొట్టుకున్నవారి దుఃఖమే ఎన్నో ఇండ్లలో దీపం నిలిపింది.

2022 ఫిబ్రవరిలో పాప చివరి మాత్ర మింగింది. పట్టికలో చివరి గీత అన్నే గీసి, ఆ కాగితాన్ని తన పుస్తకాల అడుగున దాచుకున్నాడు. రక్తపరీక్షకు పోయే రోజున మాకు నేటికీ గుండె దడదడలాడుతుంది. అయినా పాప మేడమెట్లు ఎక్కుతూనే ఉన్నది.

పాఠకులకు ఒక మనవి. ఇటువంటి ఇంటికి వెళ్ళినప్పుడు ఆకులు, పసరులు, సలహాలు తీసుకుపోకండి. మా ఎదురింటి తమిళ మామి ఒక్క సలహా చెప్పలేదు. వారానికి రెండు రోజులు పెద్దవాడిని తన ఇంటికి పిలిచి, వేడివేడి చారన్నం పెట్టి, లెక్కలు చేయించి పంపేది. ఆ రెండున్నర ఏండ్లలో మాకు అందిన సాయాలలో అంతకు మించినది లేదు.