స్ఫటిక సౌధంలో గగన నౌకలు

1868వ సంవత్సరం జూన్ మాసంలో లండన్ నగర శివారైన సిడెన్‌హామ్‌లో ఒక అపూర్వమైన ప్రదర్శన ప్రారంభమైంది. గాజు పలకలతో, ఇనుప స్తంభాలతో నిర్మించిన క్రిస్టల్ ప్యాలెస్ అనే మహాభవనం దానికి వేదిక. రెండేళ్ళ క్రితం, అంటే 1866లో ఏర్పడిన గ్రేట్ బ్రిటన్ ఏరోనాటికల్ సొసైటీ దానిని నిర్వహించింది. ప్రపంచంలో మొట్టమొదటి వైమానిక ప్రదర్శనగా అది చరిత్రకెక్కింది. విచిత్రమేమంటే, ఆనాటికి ప్రదర్శించడానికి విమానమంటూ ఒక్కటీ లేదు! బెలూన్లు ఎనభై ఏళ్ళకు పైగా ఆకాశంలో తిరుగుతున్నాయి గాని, గాలికన్న బరువైన యంత్రం మనిషిని మోసుకొని తన శక్తితో తాను ఎగరడం ఎవరూ చూడలేదు. అందువల్ల సందర్శకులకు కనిపించినవన్నీ నమూనాలు, ఇంజన్లు, చిత్రపటాలు మాత్రమే.

నమూనా అనగానే పిల్లల ఆటబొమ్మ గుర్తుకు రావడం సహజం. కాని ఆ కాలపు నమూనాల రెక్కలు పది అడుగులు, ఇరవై అడుగులు కూడా ఉండేవి. వాటిలో నిజమైన ఆవిరి యంత్రం, నిప్పు, నీరు ఉండేవి. మనిషి ఎక్కడొకటే తక్కువ. నమూనా కూలితే పోయేది కొంత పట్టుగుడ్డ, కొంత కర్ర; ప్రాణం కాదు. పరిశోధకులు నమూనాలను ఆశ్రయించడానికి ఇదే ముఖ్య కారణం.

ఈ కథకు మూలం ఇంగ్లండు నైరుతి భాగంలోని చార్డ్ అనే చిన్న పట్టణంలో ఉంది. అది లేసు పరిశ్రమకు పేరుపొందిన ఊరు. మన నరసాపురం లేసు స్త్రీల చేతి అల్లికకాగా, చార్డ్ లేసు యంత్రాలపై తయారయ్యేది. ఆ యంత్రాలకు బాబిన్లు చేసే నిపుణుడు జాన్ స్ట్రింగ్‌ఫెలో. సూక్ష్మమైన లోహపు పనిలో ఆయన చేయి తిరిగినవాడు. ఆయన మిత్రుడు విలియం హెన్సన్ 150 అడుగుల రెక్కలుగల ఆవిరి విమానానికి రూపకల్పన చేసి 1842-43లో పేటెంటు పొందాడు. ఆ విమానం పిరమిడ్లమీద ఎగురుతున్నట్లు చిత్రాలు అచ్చయ్యాయి. పత్రికలు ఎగతాళి చేశాయి. మిత్రులిద్దరూ ముందుగా 20 అడుగుల నమూనాను నిర్మించారు. జనం పరిహాసానికి వెరచి రాత్రివేళ కొండమీదికి మోసుకొనిపోగా, మంచుకు పట్టుగుడ్డ తడిసి రెక్కలు బరువెక్కి వాలిపోయాయి. తరువాత పగటిపూట చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. హెన్సన్ నిరాశతో అమెరికాకు వలసపోయాడు.

స్ట్రింగ్‌ఫెలో వదలలేదు. ఈసారి పరిమాణాన్ని సగానికి తగ్గించాడు. 1848లో 10 అడుగుల రెక్కలతో, నీరు, ఇంధనంతో సహా సుమారు 9 పౌన్లు, అంటే నాలుగు కిలోల బరువుగల నమూనాను సిద్ధం చేశాడు. ప్రయోగానికి కొండను కాక, మూతపడిన ఒక లేసు మిల్లులోని పొడవైన గదిని ఎంచుకొన్నాడు. నాలుగు గోడల నడుమ గాలి నిశ్చలంగా ఉంటుంది, మంచు ఉండదు, నవ్వేవారూ ఉండరు. నమూనా వాలుగా కట్టిన తీగ వెంట జారి, తీగ చివర విడివడి, పైకి లేచి, గది చివర అడ్డుగా కట్టిన గుడ్డను తాకిందని ఆయన వర్గంవారు చెప్పారు. అది నిజంగా యంత్రబలంతో సాగిన గమనమా, లేక తీగమీద పొందిన వేగంతో కొంతదూరం తేలిపోవడమా అన్న విషయంలో చరిత్రకారులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు.

ఇరవై ఏళ్ళ తరువాత ఆయన మూడంతస్తుల రెక్కలుగల కొత్త నమూనాతో క్రిస్టల్ ప్యాలెస్‌కు వచ్చాడు. అక్కడ దానిని పొడవాటి తీగకు వేలాడదీసి నడిపించారు. అది తీగను పైకి లాగుతున్నట్లు కనిపించింది గాని స్వేచ్ఛగా ఎగిరిందని చెప్పలేము. అయినప్పటికీ ఆయనకు 100 పౌన్ల బహుమానం దక్కింది. అది ఎగిరినందుకు కాదు. ప్రదర్శనకు వచ్చిన ఇంజన్లలో శక్తికి తగిన తేలికదనం ఆయన ఇంజనులో అధికంగా ఉన్నందుకు. బాయిలరుతో కలిపి 13 పౌన్ల బరువుగల ఆ ఇంజను ఒక అశ్వశక్తిని ఇస్తున్నట్లు నిర్ణేతలు గుర్తించారు. ఎగురుతుందా లేదా అనే వాదాన్ని పక్కనబెట్టి, ఎంత బరువుకు ఎంత శక్తి అని లెక్క అడగడమే ఆ ప్రదర్శన సాధించిన గొప్ప పని.

ఇక్కడ ఒక పదవిశేషం గమనింపదగినది. కొలుచుట అనే అర్థంగల ‘మా’ ధాతువునుండి విమానం, పరిమాణం, ప్రతిమ అనే మూడు పదాలూ పుట్టాయి. పుష్పకం వంటి కావ్య విమానాలకు కొలతల చింత లేదు. ఎందరు ఎక్కినా వాటిలో చోటుంటుంది. లోహంతో చేసిన విమానానికి అట్టి సౌలభ్యం లేదు. నమూనా పొడవును, వెడల్పును, మందాన్ని రెట్టింపు చేస్తే రెక్కల వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. బరువు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. అంటే రెక్కలోని ప్రతి చదరపు అడుగూ మునుపటికి రెండింతల భారం మోయాలి. చిన్న నమూనా ఎగిరింది గనుక పెద్దదీ ఎగురుతుందని అనుకోవడానికి వీలులేదు.

ఈ సత్యం అమెరికాలో మరింత కఠినంగా తెలియవచ్చింది. స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి శామ్యూల్ లాంగ్లీ 1889లో స్ట్రింగ్‌ఫెలో ఇంజనును ఆ సంస్థకోసం సేకరించాడు. 1896 మే 6న లాంగ్లీ చేసిన ఆవిరి నమూనా, మనిషి లేకుండా, పోటోమాక్ నదిపై మూడువేల అడుగులకు పైగా ఎగిరింది. ఇక సందేహమెందుకని, దాదాపు అదే ఆకృతిని నాలుగింతలు పెంచి, మనిషి ఎక్కే విమానాన్ని చేయించాడు. ఆ కాలానికి సాటిలేని పెట్రోలు ఇంజను దానికి అమర్చారు. 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరొకసారి అది పడవమీదినుండి బయలుదేరిన వెంటనే నదిలో కూలింది. నడిపిన చార్లెస్ మాన్లీ రెండుసార్లూ ప్రాణాలతో బయటపడడం అదృష్టమే. పడవమీది ప్రయోగ సాధనం తగులుకొన్నదని కొందరు, పెరిగిన పరిమాణానికి కట్టడంలో తగిన బలం లేదని మరికొందరు వాదించారు.

మరి తొమ్మిది రోజులకు, డిసెంబరు 17న, రైట్ సోదరుల విమానం 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరింది. వారు కూడా నమూనాలను ఆశ్రయించినవారే. అయితే వారి నమూనాలు అరచేతిలో ఇమిడే రేకు రెక్కలు. 1901 చివరి మాసాల్లో డేటన్ పట్టణంలోని తమ సైకిలు దుకాణంలో, ఆరడుగుల చెక్కపెట్టెలోకి పంకాతో గాలిని పంపి, సుమారు రెండువందల రెక్కల ఆకృతులను పరీక్షించి, వాటిమీద గాలి చూపే బలాన్ని ఒక్కొక్కటిగా కొలిచి రాసుకొన్నారు.