ఆఖరి ఐదు నిమిషాలే అసలు పందెం

ఎడ్ల బండలాగుడు పందెం అంటే మగవాళ్ల వ్యవహారమనుకుంటారు చాలామంది. ఈలలు వాళ్లవే, మీసం మెలేయడమూ వాళ్లదే! కానీ పొద్దున్నే గిత్తలకు ఉలవలు ఉడకేసేదెవరు? కుడితి పెట్టేదెవరు? తొట్టిలో మేత మిగిలితే ముందుగా కనిపెట్టేదెవరు? అందుకే ఏ జత ఎంత దూరం లాగుతుందో మా నెల్లూరు తీరంలో ఆడవాళ్లను అడిగి చూడండి, ఠక్కున చెబుతారు.

మా ఊరు తుమ్మలపెంట దగ్గర. మా ఇంట్లో ఓ ఒంగోలు గిత్తల జత ఉంది. ఈ ఏడు ఆరు పళ్లు వేశాయి. సంక్రాంతికి వాటిని ఏకంగా సీనియర్స్‌లో దించాలని మా మామయ్య పట్టుదల. నేను వద్దంటున్నాను. ఇంట్లో నెలరోజులుగా ఇదే చర్చ!

పట్నంలో ఉండేవాళ్లకు ఈ పళ్ల లెక్క కొత్తగా ఉండొచ్చు. రెండేళ్లు దాటాక గిత్తకు ముందువైపు పాలపళ్లు రాలి రెండు గట్టిపళ్లు వస్తాయి. తర్వాత నాలుగు, ఆరు... ఐదేళ్లు వచ్చేసరికి ఎనిమిదీ వచ్చేస్తాయి. పందేల్లో విభాగాలు ఈ పళ్లను బట్టే. వయసు పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. సీనియర్స్ అంటే అన్నిటికన్నా పెద్ద బండ. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగితే అంత. ఎవరు ముందు పరిగెత్తారన్నది కాదు లెక్క.

ఇక్కడే చాలామంది మోసపోతారు. డప్పులు మోగగానే దూసుకుపోయిన జతకే చప్పట్లు. పోయిన ఏడాది మాకు పోటీగా వచ్చిన జత మొదటి 5 నిమిషాల్లో 6 రౌండ్లు లాగేసింది. మావి 4 లాగాయంతే. జనం నవ్వారు కూడా. తర్వాత ప్రతి 5 నిమిషాలకీ వాళ్లవి 4, 2, 1కి పడిపోయాయి. మావి 4, 3, 3. మొత్తం 20 నిమిషాల్లో వాళ్లు 13 రౌండ్లు, మేం 14. నిలకడ అంటే అదండీ.

ఆ నిలకడ ఎక్కడుందో ఒంటి నిగనిగలు చూసి చెప్పలేం. మూపురం ఎంత ఎత్తుందో, గంగడోలు ఎంత వేలాడుతోందో చూసి మురిసిపోతే అది అందాల పోటీకి పనికొస్తుంది. నేను చూసేవి వేరు. రొమ్ము వెడల్పుగా ఉండాలి. బండ ఆపాక ఎగశ్వాస ఎంతసేపట్లో తగ్గుతోందో చూడాలి. ఆ రాత్రి మేత ముట్టిందా లేదా అన్నది మరీ ముఖ్యం. దాపటిదీ ఎలపటిదీ ఒకే అడుగు వేయాలి. ఒకటి లాగి రెండోది ఈడిగిలబడితే ఎంత బలమున్నా దండగే. సగం పందెం కాకముందే చర్నాకోల ఝళిపించాల్సి వచ్చిందంటే, ఆ జతకు ఇంకా పెద్ద బండ కట్టడం పాపం.

మాకు దేవుడిచ్చిన వరం ఇసుక. వారానికి మూడుసార్లు సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో నడిపిస్తాం, బకింగ్‌హాం కాలవలో ఈదిస్తాం. ఇది మా ఒక్కళ్ల తెలివేం కాదు. ఇంగ్లండులో గ్రాండ్ నేషనల్ అని గుర్రాల పందెం ఉంది. నాలుగు మైళ్ల పైచిలుకు దూరం, 30 కంచెలు దూకాలి. రెడ్ రమ్ అనే గుర్రం దాన్ని 1973, 1974, 1977లలో మూడుసార్లు గెలిచింది. మధ్యలో రెండేళ్లూ రెండో స్థానం! గిట్ట ఎముకకు జబ్బున్న ఆ గుర్రాన్ని సౌత్‌పోర్ట్ సముద్రతీరంలో ఇసుకలోనే తయారు చేశారు. (అదే పందేన్ని 2021లో రేచల్ బ్లాక్‌మోర్ గెలిచింది, ఆ ఘనత సాధించిన మొదటి మహిళా జాకీ. మామయ్యకు ఈ సంగతి రెండుసార్లు చెప్పాను!) అక్కడా ప్రమాదాలు జరుగుతుండడంతో 2024 నుంచి పందెంలో దిగే గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కి తగ్గించారు.

ఇక మా జత సంగతి. ఊపిరి బాగుంది, అడుగు కలిసింది, మేత ఒక్కపూట మానలేదు. అనుమానమల్లా ఎలపటి గిత్త కుడి ముందు గిట్ట మీదే. బండ మలుపు తిప్పేటప్పుడు ఆ కాలు కాస్త ఆచితూచి వేస్తోంది. చిన్న బండకు ఫర్వాలేదు. సీనియర్స్ బండకు మాత్రం బరువంతా మలుపు దగ్గరే తెలుస్తుంది.

మామయ్య తొందరకూ కారణముంది. సీనియర్స్‌లో మొదటి మూడు స్థానాల్లో ఏదొచ్చినా జతను ఆరు లక్షలకు కొంటానని కావలి నుంచి ఒకాయన కబురు పెట్టాడు. "ఆరు లక్షలమ్మాయ్! మనవరాలి చదువు గడిచిపోతుండాది గదా" అంటాడు. నిజమే, మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజు నాకు తెలీదా? కానీ గిట్ట పగిలితే ఆరు లక్షలు కాదు గదా, దుక్కికి కూడా పనికిరాదు. రోజూ నా చేత్తో తిన్న మూగజీవి అది.

నిన్న పశువుల డాక్టరు వచ్చి గిట్ట చెక్కి, మందు రాసి, మూడు వారాలు మెత్తటి నేల మీదే నడిపించమన్నాడు. మామయ్య ఏమీ అనలేదు. సాయంత్రం తనే గిత్తల్ని ఇసుకలోకి తోలుకెళ్లాడు. సంక్రాంతికి ఆరు పళ్ల విభాగంలోనే పేరిచ్చాం, అందులో మొదటి రెండు స్థానాల్లో ఒకటి మాదేనని నా లెక్క. సీనియర్స్ సంగతి ఉగాదికి, గిట్ట చూశాక.